పొయ్యి మరమ్మతు ఎవరి పని?

(గోదావరిఖనిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నన్ను "స్త్రీలు, ఇంధనం, పర్యావరణం" అనే అంశం మీద మాట్లాడమన్నారు. నేను పొయ్యి గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో అవతలి మిత్రురాలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మర్యాదగానే, "ఇప్పుడు అందరిండ్లల్ల గ్యాసే గద మేడం" అంది. పొద్దున ఇక్కడికి వస్తూ బస్తీలోంచి నడిచి వచ్చాను. ఆరున్నరకు వరసగా చాలా ఇళ్ల ముందు పొయ్యి మండుతోంది. ఆగి మాట్లాడిన ప్రతి ఇంట్లోనూ లోపల గ్యాసు బండ కూడా ఉంది. పిల్లల టిఫిన్ గ్యాసు మీద, స్నానాల నీళ్లు పొయ్యి మీద. నెలాఖరుకు బండ అయిపోతే అన్నీ పొయ్యి మీదే. చుట్టాలొచ్చినా, బోనాలొచ్చినా పెద్ద గిన్నె పొయ్యి మీదికే ఎక్కుతుంది.

గ్యాసు వద్దని నేననటం లేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చినప్పుడు, 2016 మే నెలలో ఉజ్వల వచ్చినప్పుడు, 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో 500 రూపాయలకు బండ ఇస్తామన్నప్పుడు కూడా ఆడవాళ్లు సంతోషించారు. సంతోషించటం సబబే. కాని కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన పొయ్యి ఆరిపోదు. పొయ్యి ఉన్నన్నాళ్లూ దాన్ని అలకాలి, బూడిద తియ్యాలి, పగుళ్లు పూడ్చాలి, గొట్టం ఉంటే దులపాలి, దాని దగ్గర ఒళ్లు కాలకుండా చూసుకోవాలి. ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారు, ఏం తెలిసి చేస్తున్నారు, చెయ్యలేకపోతే ఎవరి ఒంటి మీదికి వస్తోంది? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఇదే.

ఇక్కడ పొయ్యి అంటే కట్టెల పొయ్యి ఒక్కటే కాదని మీకు తెలుసు. బొగ్గు బాయిల చుట్టూ పెరిగిన ఊరు ఇది. నేను ఇక్కడి క్వార్టర్లలోనే పెరిగాను. మా నాన్న బాయి పని చేసేవాడు. మా ఇంట్లో ఉన్నది పాత ఇనుప బకెట్టుతో చేసిన బొగ్గు పొయ్యి. కింద పక్కకు ఒక కన్నం కోసి, మధ్యలో ఇనుప చువ్వలు అడ్డం పెట్టి, లోపల మట్టి మెత్తేవాళ్లు. మా అమ్మ దాన్ని సందులోకి తెచ్చి, అడుగున నాలుగు పుల్లలు, పైన బొగ్గు పేర్చి, గ్యాసునూనె చిలకరించి అంటించేది. అరగంట సేపు పచ్చటి పొగ వచ్చేది. మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి కాబట్టి ఐదు దాటకముందే వాడ వాడంతా ఆ పొగలో ఉండేది. బొగ్గు ఎర్రగా కణకణలాడి, పొగ పోయిన తర్వాత పొయ్యిని ఇంట్లోకి తెచ్చేవాళ్లు. పొగ పోయింది కదా, ఇంక భయం లేదనుకునేవాళ్లు. అందరూ అట్లాగే అనుకునేవాళ్లు.

తర్వాత కార్మికులకు కంపెనీ తరఫున గ్యాసు రావటం మొదలైంది. అది పర్మినెంటు కార్మికుల పేరు మీద వచ్చేది. కాంట్రాక్టు కింద బంకర్ల దగ్గర, రోడ్ల మీద పని చేసేవాళ్ల ఇళ్లల్లో, క్వార్టర్ల బయట గుడిసెల్లో పొయ్యి అట్లాగే ఉండిపోయింది. బొగ్గు ఏరుకోవటానికి గంపతో వెళ్లే ఆడవాళ్లను దొంగలన్నారు. ఈ నేల కింది బొగ్గుతో రామగుండం కరెంటు దేశమంతా వెలుగుతుంటే, గంపెడు బొగ్గు ఏరుకున్న మనిషి దొంగ ఎట్లా అయిందో నాకు సోషియాలజీ చదివాక కూడా అర్థం కాలేదు. అది వేరే ప్రసంగానికి సరిపడా విషయం.

నేను పొయ్యి వైపు మళ్లీ మళ్లీ ఎందుకు పోతానో చెప్పాలి. 1989 వానకాలం. నాకు ఎనిమిదేళ్లు. మా చిన్నమ్మ కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఐదో రోజు. బయట ముసురు. బాలింతకు చలిగాలి తగలగూడదని కిటికీకి గోనెసంచి కుట్టారు, తలుపు కింద సందులో పాతబట్టలు దూర్చారు. మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. ఆ రోజు కట్టె నిప్పులు చాలక, పొగ పోయిన బొగ్గు నిప్పులు వేశారు. వేసింది మా అమ్మే. చెల్లెలి మీద ప్రేమతోనే వేసింది.

నాన్న రాత్రి షిఫ్టు దిగి తెల్లారాక ఇంటికొచ్చాడు. అప్పటికి ఆయన మైనింగ్ సర్దార్. బాయిలో పని మొదలయ్యే ముందు దీపం పట్టుకుని గ్యాసు ఉందో లేదో చూడటం ఆయన పని. ఆ గది తలుపు తియ్యగానే, "తలుపులు తియ్యుండ్రి, గ్యాసు!" అని అరిచి, చిన్నమ్మను ఎత్తుకుని వాకిట్లో వానలో పడుకోబెట్టాడు. చిన్నమ్మకు వాంతులయ్యాయి, మధ్యాహ్నానికి తేరుకుంది. పాప బతకలేదు.

గాలి సోకిందన్నారు. కాష్మోర అన్నారు. చిన్నమ్మ అత్తగారు చాలా ఏళ్లు, తల్లి నిద్రలో బిడ్డ మీద పడిందని చెప్పుకుంది. ఏ డాక్టరూ ఏ కాగితం మీదా కారణం రాయలేదు. కాబట్టి ఆ చావు ఏ లెక్కలోనూ లేదు. నాన్న అమ్మను తిట్టాడు. "ఆ మాత్రం తెల్వదా?" అన్నాడు. అమ్మ అప్పుడేం మాట్లాడలేదు. చాలా రోజుల తర్వాత, పాత్రలు తోముతూ, ఎవరితో అంటున్నదీ తెలియకుండా అన్నది: "బాయిల గ్యాసున్నదంటే అందరిని మీదికి తోలుకొస్తరు. ఇంట్ల నాకెవరు చెప్పిండ్రు?"

నా పిహెచ్.డి. మొత్తం ఆ వాక్యానికి రాసుకున్న వ్యాఖ్యానమే అనుకుంటుంటాను.

బాయి సంగతి చూడండి. 1952లో గనుల చట్టం వచ్చింది. 1957లో బొగ్గు గనుల నిబంధనలు వచ్చాయి, 2017లో వాటిని తిరగరాశారు. ఆ 1957 నిబంధనల్లోనే, మనిషి పని చేసే చోట గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదని, కార్బన్ డై ఆక్సైడ్ 0.5 శాతానికి మించకూడదని, ఒక్కొక్క మనిషికి నిమిషానికి 6 ఘనమీటర్ల గాలి అందాలని రాసి ఉంది. గాలి తిప్పటానికి ఫ్యాన్లు, చూడటానికి సర్దార్లు, ఓవర్‌మెన్లు, వాళ్ల మీద మేనేజర్లు, మేనేజర్ల మీద తనిఖీ అధికారులు. అయినా బాయిల్లో ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు. రాసినవన్నీ అమలైతే యూనియన్లకు ఇంత పని ఉండేది కాదు. కాని కొట్లాడటానికి అక్కడ ఒక కాగితమైనా ఉంది. అదే బొగ్గు, అదే గ్యాసు, పదడుగుల వంటగదిలోకి వచ్చేసరికి రాసిన కాగితమే లేదు. భూగర్భంలోకి ఆడవాళ్లు దిగకూడదని అదే 1952 చట్టం చెప్పింది, వాళ్ల రక్షణ కోసమని. 2019లో ఆ నిషేధాన్ని సడలించేదాకా అంతే. ఆ అరవై ఏడేళ్లూ ఆడవాళ్లు మూసిన గదుల్లో బొగ్గు పొయ్యి దగ్గర కూర్చునే ఉన్నారు. అక్కడ ఎవరూ రక్షణ మాట ఎత్తలేదు.

గ్యాసు విషయం కొంచెం వివరంగా చెబుతాను, మీరు బస్తీల్లో చెప్పాలి కాబట్టి. పొగ కళ్లకు మండుతుంది, దగ్గు వస్తుంది, మనిషి లేచి బయటికి పోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అట్లా కాదు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది వచ్చి కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు ఎక్కువ గట్టిగా. బొగ్గు పొగ మానేసి ఎర్రగా, పైన తెల్లటి బూడిదతో అందంగా కనపడుతుంది చూడండి, ఆ నిప్పు నుంచి అది ధారాళంగా వస్తూనే ఉంటుంది. కట్టె నిప్పుల నుంచీ వస్తుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, మోకాళ్లలో సత్తువ లేకపోవటం, మత్తు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే గాలి సోకిందనుకోవద్దు, గ్యాసు అనుకోండి. ముందు తలుపులు తీసి అందరినీ బయటికి తేవాలి, తర్వాత 108కి ఫోను. గర్భిణికి, కడుపులో బిడ్డకు, పసిపిల్లలకు ఇది మరీ ప్రమాదం. బాలింత గదిలో కుంపటి మాట వినపడిన ప్రతి చోటా ఆగి మాట్లాడండి. ఆచారాన్ని వెక్కిరించనక్కర్లేదు. వెచ్చదనం కావాలి, నిజమే. దుప్పటి ఇవ్వండి, వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. నిప్పు మాత్రం గది బయట ఉండాలి.

బొగ్గు పొగది ఇంకొక కథ. చైనాలో యునాన్ ప్రాంతంలో షువాన్‌వే అనే చోట ఆడవాళ్లు సిగరెట్టు ముట్టరు. అయినా వాళ్లలో ఊపిరితిత్తుల కేన్సరు విపరీతంగా ఉండేది. ఇంట్లో గొట్టం లేని గుంటల్లో పొగ బొగ్గు కాల్చి వండటమే కారణమని పరిశోధకులు తేల్చారు. పొయ్యికి గొట్టం పెట్టుకున్న ఇళ్లల్లో ఆ కేన్సరు నలభై శాతానికి పైగా తగ్గిందని 2002లో ప్రచురించారు. ఇంట్లో బొగ్గు కాల్చటం వల్ల వచ్చే పొగను అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ మనుషులకు కేన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. ముడి బొగ్గును ఇంటి ఇంధనంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో స్పష్టంగా రాసింది. కాబట్టి బొగ్గు పొయ్యిని బాగా వాడటం ఎట్లాగో నేను నేర్పను. దాన్ని ఇంట్లోకి తేవద్దని మాత్రం చెబుతాను, అది మానగలిగేటట్టు బండ దొరికేదాకా సంఘం వెంటబడాలని చెబుతాను.

కట్టెల పొయ్యి మాట వేరు. అది ఇంకా కొన్నేళ్లు మనతో ఉంటుంది. దాని గురించి మన అమ్మలకు, అవ్వలకు తెలిసిన సంగతులు ఎన్నో. చదువుకున్నవాళ్లం పోయి వాళ్లకు పొయ్యి ఊదటం నేర్పితే నవ్వుతారు. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి, టంగుమని మోగితే ఎండిందని, దబ్బుమంటే పచ్చిదని చెప్పింది నాకొక ముసలవ్వ. పచ్చి కట్టె మండదు, తనలోని నీళ్లను తానే కాచుకుంటుంది, ఆ లోపల ఇల్లంతా పొగ. అందుకే వాన మొదలవకముందే, ఎండల్లో కట్టె చీల్చి, నేలకు ఆనకుండా రాళ్ల మీద పేర్చుకోవాలి. చీల్చిన సన్న కట్టె మొద్దు కంటే తక్కువ పొగతో మండుతుంది. పొయ్యి నోరు నిండా కట్టెలు కుక్కితే గాలి ఆడదు. రెండు మూడు పెట్టి కాలుతున్నకొద్దీ ముందుకు తోసుకోవాలి. కింద నాలుగు ఇనుప చువ్వలు వేసి కట్టెను కొంచెం పైకి లేపితే అడుగునుంచి గాలి వస్తుంది, ఊదుగొట్టంతో అంత పని ఉండదు. గిన్నె మీద మూత, పప్పు ముందే నానబెట్టటం, ఇవన్నీ మీకు తెలిసినవే. రోజూ చేసే వంటలో ఇవే ఒక మోపు కట్టెలు మిగులుస్తాయి. అంటించటానికి ప్లాస్టిక్ కవర్లు, సైకిల్ ట్యూబు ముక్కలు వాడటం ఈ మధ్య ఎక్కువైంది. ఆ పొగ కట్టె పొగ కంటే విషం. గన్నేరు కట్టె కూడా పొయ్యిలో పెట్టకూడదు. మండుతున్న పొయ్యిలో గ్యాసునూనె గాని, పెట్రోలు గాని పొయ్యటం ఎప్పుడూ వద్దు. మంట ధార వెంబడి డబ్బాలోకి ఎక్కుతుంది.

బూడిద గురించి ఎవరూ మాట్లాడరు. పైకి చల్లారినట్టు కనపడే బూడిదలో నిప్పు మర్నాటిదాకా బతికి ఉంటుంది. అది గోనెసంచిలోకి, ప్లాస్టిక్ బుట్టలోకి ఎత్తి గుడిసె పక్కన పెడితే గాలికి రాజుకుంటుంది. ఇనుప డబ్బాలో, మూతతో, గోడకు దూరంగా ఉంచాలి. కట్టె బూడిదతో గిన్నెలు తోముతాం, చెట్లకు వేస్తాం. బొగ్గు బూడిద వేరు, దాన్ని వాటికి వాడొద్దు.

ఇక గొట్టం. నేను తప్పు చేసింది ఇక్కడే.

పొగ లేని పొయ్యి మన దగ్గరికి ఎక్కడినుంచో దిగి రాలేదు. హైదరాబాదులో ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు అనే శాస్త్రవేత్త మట్టితో, రెండు మూడు గిన్నెలు పట్టేటట్టు, గొట్టంతో ఒక పొయ్యి తయారు చేశారు. లక్షల ఇళ్లకు పొగ లేని వంటిల్లు కావాలని 1953లో పుస్తకమే రాశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో దాన్ని మూసేసే నాటికి దేశంలో సుమారు 3.5 కోట్ల పొయ్యిలు కట్టామని లెక్క చెప్పింది. ఆ తర్వాత కూడా స్వచ్ఛంద సంస్థలు అక్కడక్కడ ఆ పని చేస్తూ వచ్చాయి. పరిశోధన చేసుకుంటున్న రోజుల్లో అట్లాంటి ఒక సంస్థకు మంథని వైపు ఒక ఊళ్లో సర్వే చేసిపెట్టాను. నా ఫారంలో ఒక గడి ఉండేది: పొయ్యి కట్టారా, లేదా. నేను టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఊరంతా టిక్కులే. మంచి రిపోర్టు రాశాను, మెచ్చుకున్నారు.

ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద ఆ ఊరికి పోయాను. ఒక ఇంట్లో పొయ్యి ఉంది, గొట్టం లేదు. గొట్టం చూరు కింద వాన నీళ్లను తొట్టిలోకి మళ్లిస్తోంది. ఇంటావిడ నవ్వింది. "వాన నీళ్లు గొట్టంలకెల్లి పొయ్యిల పడ్డయి బిడ్డా. తర్వాత మసి పేరుకొని పొగ ఎన్కకు మర్లింది. దులుపాలంటే గూనల మీదికి ఎక్కాలె. చీర కట్టుకొని నేనెక్కాల్నా? మా ముసలాయన ఎక్కడు, కొడుకు పండుగకు అస్తడు. అందుకే తీసేసిన." గొట్టం తీసేసిన రంధ్రంలోంచి పొగ ఇప్పుడు నేరుగా ఇంట్లోకే వస్తోంది, మామూలు పొయ్యి కంటే ఎక్కువ. నేను ఏడాదిన్నర కిందట ఆమె ముందు కూర్చుని టిక్కు పెట్టుకున్నాను. గొట్టం ఎవరు దులుపుతారమ్మా అని ఒక్క మాట అడగలేదు.

ఒడిశాలో కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు, రీమా హన్నా, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, ఇటువంటి పొయ్యిల్నే నాలుగేళ్లు వెంబడించి చూశారు. 2016లో అచ్చయిన వాళ్ల అధ్యయనం మొదటి ఏడు పొగ పీల్చటం తగ్గిందని, తర్వాత ఆ తేడా పోయిందని, ఆరోగ్యంలోను, కట్టెల ఖర్చులోను మార్పు కనపడలేదని చెప్పింది. కుటుంబాలు పొయ్యిని సరిగ్గా వాడలేదు, మరమ్మతులకు తగినంత ఖర్చు పెట్టలేదు, వాడకం క్రమేణా తగ్గిపోయింది. మంచి అధ్యయనమే, నేను పాఠం చెబుతాను. కాని "కుటుంబం" అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగుతాను. ఆ కుటుంబంలో పొగ పీల్చేది ఒకరు. రేకు గొట్టం ముక్కకు డబ్బు తియ్యవలసింది ఇంకొకరు. ఇంటి మీదికి ఎక్కగలిగింది మూడో మనిషి. కుటుంబం పెట్టలేదు అంటే ఎవరు పెట్టలేదు? బంగ్లాదేశ్‌లో 2013లో వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయం దగ్గరికి వచ్చింది. ఆరోగ్యానికి మంచిదైన పొయ్యి కావాలని ఆడవాళ్లే ఎక్కువగా కోరుకున్నారు, కొనే అధికారం మాత్రం వాళ్ల చేతుల్లో లేదు. గృహశ్రమకు విలువ కట్టాలని మనం ఎన్నో ఏళ్లుగా అంటున్నాం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వేలో ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పని మీద ఉన్నారని తేలింది. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్లే నూటికి ఇరవై ఆరు మంది. గొట్టం దులపటం ఈ నిమిషాల్లో ఎక్కడా లేదు, ఎవరూ దులపటం లేదు కాబట్టి.

దులపటం పెద్ద విద్య కాదు. పొయ్యి పూర్తిగా చల్లారాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తాడుకు కొబ్బరిపీచు ఉండగానీ, ముళ్ల కొమ్మగానీ కట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి, పైనుంచి దింపి లాగాలి. పొగ ముందువైపు నుంచి రావటం మొదలైందంటే గొట్టం మూసుకుపోతోందని గుర్తు; అంతదాకా ఆగకుండా, పొయ్యి రోజూ మండే ఇంట్లో నెలకోసారి చూసుకోవాలి. పేరుకున్న మసి ఒక్కొక్కసారి తనే అంటుకుంటుంది, అందుకే తాటాకు కప్పులోంచి గొట్టం పోయే చోట చుట్టూ ఖాళీ వదిలి రేకు వెయ్యాలి. గొట్టం కొస కప్పు కంటే రెండు మూడు అడుగులు పైకి ఉండాలి, మీద వాన పడకుండా టోపీ ఉండాలి. ఆ ఊరి ఇంటావిడ గొట్టానికి టోపీ పెట్టలేదు. చిన్న రేకు ముక్క. కిందికి వస్తే, గిన్నెల మధ్య పొగ పోయే దారిలో బూడిద నిండుతుంది, అది చేత్తో తీసేదే. రెండో కన్నం మీద గిన్నె లేనప్పుడు మూత పెట్టకపోతే పొగంతా అక్కడినుంచే లేస్తుంది. పగుళ్లకు మట్టి, పేడ, ఊక కలిపి మెత్తి, నీడన ఆరనిచ్చి, మొదటి రెండు రోజులు చిన్న మంటే పెట్టాలి. అలుకుడు ఆడవాళ్లకు తెలుసు, నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఒళ్లు కాలటం గురించి చెప్పకుండా ఆపలేను. పొయ్యి దగ్గర కొంగు నడుముకు బిగించుకోవాలి, నైలాను చీర కరిగి ఒంటికి అంటుకుంటుంది కాబట్టి నూలు చీర మేలు, నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి, పక్కవాళ్లు గొంగడి కప్పాలి, కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పొయ్యాలి, ఇంకు, పేస్టు పూయవద్దు. ఇవన్నీ చెప్పండి. చెబుతూనే ఒకటి గుర్తుంచుకోండి. "వంట చేస్తుండగా చీరకు నిప్పంటుకుని" అన్న వాక్యాన్ని మన ముందు తరం కార్యకర్తలు పేపర్లలో ఎన్ని వందలసార్లు చదివారో. స్టవ్ పేలింది అన్న ప్రతి వార్త వెనక వాళ్లు పోలీసు స్టేషన్ మెట్లెక్కారు. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు ఆ పోరాటాల నుంచే వచ్చాయి. 2024 జూలై 1 నుంచి అవి భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడమనిషి కాలి చనిపోతే పొయ్యి ప్రమాదమని ఇంటివాళ్లు చెప్పినంత మాత్రాన అక్కడితో ఊరుకోకూడదు. శవపరీక్ష జరగాలి, మెజిస్ట్రేటు విచారణ జరగాలి. ఆమె ప్రాణంతో ఉండగా వాంగ్మూలం ఇస్తుంటే భర్త, అత్తామామలు గదిలో ఉండకుండా చూడటం మన పని. నేను పొయ్యి జాగ్రత్తల మీద కరపత్రం రాసినప్పుడు ఒక లాయరు మిత్రురాలు అడిగింది: "నీ కరపత్రం చూపించి, ఈమె జాగ్రత్తగా లేదు, అందుకే కాలింది అంటే?" అప్పటినుంచి జాగ్రత్తల కాగితం వెనకవైపు ఈ సెక్షన్లు కూడా అచ్చు వేయిస్తున్నాం. మీరూ విడదియ్యకండి.

మనం ఏం అడగాలనేది మధ్యాహ్నం చర్చలో తేలుతుంది. నాకు తోచినవి రెండు. పొయ్యి పథకం, గ్యాసు పథకం ఏదైనా సరే, ఇచ్చిన లెక్కతో పాటు ఏడాది తర్వాత పని చేస్తున్న లెక్క కూడా బయట పెట్టాలి. గొట్టాల మరమ్మతుకు, రేకు ముక్కలకు పంచాయతీల్లో, మునిసిపాలిటీలో చిన్న పద్దు ఉండాలి. వీధి దీపాలకు ఉన్నట్టే. దాన్ని ఉపాధి పనిగా కూలి ఇచ్చి చేయిస్తే ఇంకా మంచిది, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా. ఒక్క షరతు, ఉచిత సేవ అని మళ్లీ మన స్వయం సహాయక సంఘాల నెత్తిన పెట్టొద్దు.

రేపు పొద్దున ఆరింటికి నేను నడిచొచ్చిన బస్తీకే పోదాం. నాలుగు ఇళ్లల్లో గొట్టాలున్నాయి, ఎప్పుడు దులిపారో ఎవరికీ గుర్తు లేదు. తాడు, కొబ్బరిపీచు నేను తెస్తాను. ఆ ఇళ్ల మగవాళ్లను కూడా ఉండమని చెప్పి వచ్చాను, ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన రాత్రి షిఫ్టు అన్నాడు, దిగి వచ్చాకే మొదలుపెడదామన్నాను. ఇక కావలసింది నిచ్చెన. ఎవరు తెస్తారో టీ తాగే లోపల చెప్పండి.